రాగిరేకుల ఇల్లాలు

పురుటికి విదేశం వెళ్ళిన తల్లుల సంగతి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. బయల్దేరేముందు వీధి వీధంతా "నీకేమమ్మా, అదృష్టవంతురాలివి, లండన్ చూసొస్తావు" అంటుంది. తీరా వెళ్ళాక తెలుస్తుంది, లండన్ అంటే వంటింటి కిటికీలోంచి కనిపించే పక్కింటివాళ్ళ పెరటిగోడ అని! పొద్దున లేచింది మొదలు పసిదానికి నలుగు, బాలింతకి కాయం, పథ్యం వంట. నేను వెళ్ళిన మూడోరోజున పాపకి సాంబ్రాణి వేస్తే, పైకప్పుకి బిగించిన పొగగంట గీపెట్టి గోలచేసింది. అల్లుడు తువ్వాలు చుట్టుకుని స్నానాలగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆనాటితో సాంబ్రాణి బంద్. మావారు మాత్రం తెలివైన మనిషి. "నాకు చలి పడదు" అని విజయవాడలోనే ఉండిపోయి, రోజూ ఫోను చేసి గ్యాసు పుస్తకం ఎక్కడుందని అడుగుతూ కాలక్షేపం చేశారు.

ఆరువారాలు గడిచాక మా అమ్మాయికి నామీద జాలేసింది. "అమ్మా, పాపని బండిలో వేసుకుని ఓ గంట అలా తిరిగిరా. నీకూ గాలి తగిలినట్టుంటుంది, నేనూ ఓ కునుకు తీస్తాను" అంది.

వాళ్ళుండేది చిజిక్ అనే పేటలో. రాసేటప్పుడు మధ్యలో ఇంకో అక్షరం ఉంటుంది గాని, పలికేటప్పుడు దాన్ని మింగేస్తారు. ఇంగ్లీషువాళ్ళకి అది అలవాటేగా! బండి తోసుకుంటూ పెద్దరోడ్డు పక్కన నడుస్తున్నాను. కార్లు ఒకటే రొద. అంతలో చినుకులు మొదలయ్యాయి. గొడుగు తేలేదు. చంకలో పిల్ల ఉంటే కొంగు కప్పొచ్చు; బండిలో పిల్లకి కప్పడానికి నా ఒంటిమీద చీరా లేదాయె, అమ్మాయి తొడిగించిన కోటు తప్ప. ఎదురుగా ఎత్తయిన ప్రహరీ, దాని వెనక ఎర్ర ఇటికల పాత ఇల్లు, తలుపు తెరిచే ఉంది. గభాల్న లోపలికి దూరాను.

తీరా అది ఎవరిల్లో కాదు, మ్యూజియమట. టిక్కెట్టు ఎన్ని పౌన్లో, దాన్ని రూపాయల్లోకి మారిస్తే ఎంతవుతుందో అని గుండె దడదడలాడింది. అక్కడున్న నా వయసావిడ నవ్వుతూ "డబ్బు అక్కర్లేదు, చూడండి" అంది. ఉచితం అన్నాక వెనక్కి తిరిగే గృహిణి ఎక్కడైనా ఉందా, మీరే చెప్పండి!

అది విలియం హోగార్త్ అనే చిత్రకారుడి ఇల్లు. ఆయన 1697లో పుట్టి 1764లో పోయాడు. ఊళ్ళో లెస్టర్ ఫీల్డ్స్‌లో సొంత మకాం ఉండగా, 1749లో ఈ ఇల్లు కొన్నాడు. అప్పట్లో ఇదంతా పల్లెటూరు. తోటలో ఆయన కాలంనాటి మల్బరీ చెట్టు ఇప్పటికీ ఉంది. 1940లో బాంబు పడి ఇల్లు దెబ్బతిన్నా చెట్టు చావలేదట. 'మొండి చెట్టు, మా అత్తగారిలాగా' అనుకున్నాను.

నాకు చిత్రకళ గురించి తెలిసింది అంతంతమాత్రం. మా ఇంట్లో బొమ్మంటే రవివర్మ సరస్వతి ఉన్న క్యాలెండరు, కిరాణాకొట్టువాడిచ్చింది. ఇక్కడ గోడల నిండా బొమ్మలే గాని ఒక్కదానికీ రంగు లేదు. అన్నీ నలుపూ తెలుపూ. అబ్బ, ఇవేం బొమ్మలని దగ్గరికెళ్ళి చూశాను. చూసి అక్కడే నిలబడిపోయాను.

గీత! వెంట్రుకకంటే సన్నని గీతలు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద అడ్డంగా ఒకటి. పట్టు గౌనుకి ఒకరకం, కట్టెకి ఒకరకం, మనిషి బుగ్గకి ఒకరకం. అక్కడి ఆవిడ చెప్పింది, ఇవన్నీ రాగిరేకు మీద ఉక్కు ములుకుతో చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి, రేకు పైభాగం శుభ్రంగా తుడిచి, తడిపిన కాగితం పరిచి ప్రెస్సులో నొక్కి తీసినవని. రేకు మీద కుడి ఉన్నది కాగితం మీద ఎడమవుతుందిట.

"తెలుసు" అన్నాను నేను తెలుగులో. ఆవిడకి అర్థం కాలేదు.

నాకెలా తెలుసంటే, మా నాన్న అచ్చులు చెక్కేవారు.

మాది బందరు పక్కన పెడన. కలంకారీ అద్దకాలు మీరు చూసే ఉంటారు. దుప్పట్లు, తెరలు, ఇప్పుడు చీరలూ. ఆ అద్దకానికి కావలసిన టేకు అచ్చులు నాన్న చేతిలో తయారయ్యేవి. పువ్వు గీతకి ఒక అచ్చు, లోపల ఎరుపు నింపడానికి వేరే అచ్చు, ఆకుకి ఇంకొకటి. బట్టని కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగుతో గీతలద్ది, ఎరుపు కావలసినచోట పటిక అద్ది, ఉతికి, రంగు వేర్లతో కాగులో ఉడికిస్తారు. ఇంటిముందు కాలవనీళ్ళు ఎర్రగా పారుతుంటే నేను కాగితప్పడవలు వదిలేదాన్ని. మా నాన్న పనికీ ఈ హోగార్త్ పనికీ తేడా ఒక్కటే. నాన్న చెక్కి తీసేసిన చోట రంగు అంటదు. మిగిల్చిన చోటే అంటుతుంది. ఈయన చెక్కిన చోటే రంగు నిలుస్తుంది. ఒకరు వదిలిపెట్టి బొమ్మ చేశారు, ఒకరు తవ్వి బొమ్మ చేశారు. ఇద్దరూ లోకాన్ని తిరగేసి చూడటం నేర్చుకున్నవాళ్ళే!

ఆ రోజు పాప నిద్రలేచి రాగం అందుకోవడంతో సగంలో వచ్చేశాను. తరవాత మాత్రం వారానికి రెండుసార్లు నా షికారు అటే. అమ్మాయి లైబ్రరీ నుంచి ఆయన బొమ్మల పుస్తకం కూడా తెచ్చిపెట్టింది. గోడమీద కొన్ని, పుస్తకంలో కొన్ని, మొత్తానికి పాపకి పాలు కలుపుతూ, గుడ్డలు మడతపెడుతూ హోగార్త్‌ని చదివేశాను.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది 1738లో వేసిన ఓ బొమ్మ. ఊరూరా తిరిగే నాటకాల ఆడవాళ్ళు ఒక పశువులకొట్టంలో వేషాలు కట్టుకుంటున్నారు. ఒకామె వేటదేవత, బట్ట సగం కట్టుకుని, చెయ్యెత్తి డైలాగు వల్లిస్తోంది. ఒక స్వర్గలోకపు మహారాణి కాలు ముందుకు చాపి పాఠం చదువుకుంటుంటే, రాత్రిదేవత వేషంలో ఉన్నావిడ ఆ కాలిమేజోడు చిరుగు కుడుతోంది. నాటకంలో మేఘాలుగా వాడే చెక్కల మీద ఉతికిన మేజోళ్ళు ఆరేశారు. పిల్లికూనలు వీణలాంటి వాయిద్యంతో ఆడుకుంటున్నాయి. ఓ మూల గద్దవేషం వేసిన తల్లి, ముక్కూ రెక్కలూ అలాగే ఉంచుకుని, ఒళ్ళో పిల్లాడికి గంజి పడుతోంది. వాడు ఆ గద్దముక్కుని చూసి గుక్కపట్టాడు. చూస్తే నవ్వొస్తుంది. ఆ తరవాత చప్పున నవ్వాగిపోతుంది. ఎందుకంటే 1737లో, అనుమతి లేని నాటకాలు ఆడకూడదని అక్కడ చట్టం వచ్చింది. ఇలా తిరిగి ఆడుకునేవాళ్ళ పొట్ట కొట్టిన చట్టం. బొమ్మలో ఉన్నది వాళ్ళ ఆఖరి ఆట.

నా చిన్నప్పుడు బందరుకి సురభివాళ్ళొచ్చారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటకసమాజం కదూ. కుటుంబాలకి కుటుంబాలే ఆడతాయి. మాయాబజార్ ఆడుతుంటే నేనూ మా తమ్ముడూ డేరా వెనకనుంచి దూరి చూశాం. కిరీటం పెట్టుకున్న ఓ అమ్మ, పెట్టెమీద కూర్చుని, పసిబిడ్డకి పాలిస్తోంది. లోపలినుంచి ఎవరో పిలవగానే బిడ్డని పక్కావిడ చేతిలో పెట్టి, పమిట సర్దుకుని, ముఖంలోకి నవ్వు తెచ్చుకుని తెరముందుకు వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళొచ్చినా ఆ నవ్వు తెచ్చుకోవడం నాకు గుర్తే. ఇంగ్లీషు గద్దమ్మని చూడగానే ఆవిడే కళ్ళముందుకొచ్చింది.

నాటకాల మాటొచ్చింది కాబట్టి గారిక్ గురించి చెప్పాలి. డేవిడ్ గారిక్ ఆ కాలపు మహానటుడు. 1741లో మూడో రిచర్డ్ వేషంతో ఒక్కసారిగా పైకొచ్చాడు. యుద్ధం ముందురాత్రి గుడారంలో పీడకల వచ్చి ఉలిక్కిపడి లేచే ఘట్టం. దాన్నే హోగార్త్ 1745లో తైలవర్ణచిత్రం వేసి 200 పౌన్లు పుచ్చుకున్నాడు, మరుసటేడు అచ్చుబొమ్మ చేశాడు. చాచిన అరచెయ్యి, బెదిరిన కళ్ళు. అసలు చిత్రం డబ్బున్నవాడింటికి వెళ్ళిపోయింది. అచ్చు మాత్రం నాలుగు డబ్బులున్న ప్రతివాడి గోడమీదికీ వెళ్ళింది. నాటకశాలకి వెళ్ళలేనివాళ్ళు కూడా గారిక్‌ని అలా చూసుకున్నారు. మన అమ్మమ్మల కాలంలో రవివర్మ అచ్చుబొమ్మలు వచ్చాకే కదా లక్ష్మీదేవి పేదింటి గూటిలోకీ వచ్చింది!

ఈ గారిక్ భార్య సంగతి చదివి నేను కుర్చీలోంచి లేచి కూర్చున్నాను. కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న నాటకశాలకి గారిక్ సాయం చేశాడని, అక్కడి వర్తకులు ఆయనకి మంచం తెరలకోసం రంగుల నూలుబట్ట కానుక పంపారు. ఎక్కడి బట్టనుకున్నారు? మన కోరమాండల్ తీరానిది, మా బందరున్న తీరానిది! కాని 1775లో కస్టమ్స్‌వాళ్ళు దాన్ని పట్టేసుకున్నారు. ఎందుకంటే మన చీటిగుడ్డల మోజులో పడి తమ బట్ట ఎవరూ కొనడం లేదని అక్కడి నేతగాళ్ళు 1719లో పెద్ద గొడవ చేశారు. చీటిగుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళని వీధిలో పట్టుకుని బట్టలు చించారు. 1721లో ఏకంగా ఆ బట్ట వాడకూడదని చట్టమే వచ్చింది. అంచేత మహానటుడంతటివాడు కూడా, మా ఆవిడ ఏడుస్తోంది మహాప్రభో, ఇప్పించండని తెలిసిన పెద్ద ఉద్యోగికి ఉత్తరం రాసుకోవలసొచ్చింది. ఆ తెరలూ ఆ మంచమూ ఇప్పుడు విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అమ్మాయితో వెళ్ళి చూసొచ్చాను. గాజు ఇవతల నిలబడి, ఆ పూలతీగల్ని చూస్తూ, 'మీరు ఏ కాలవలో ఉతికితే వచ్చారర్రా' అని అడగాలనిపించింది.

అన్నట్టు ఇంకో బొమ్మ. తండ్రి ఆస్తి తగలేసి చివరికి పిచ్చాసుపత్రి పాలైన ఓ కుర్రాడి కథని హోగార్త్ ఎనిమిది బొమ్మల్లో చెప్పాడు. 1735లో అచ్చువేశాడు. ఆఖరి బొమ్మలో ఒక పిచ్చివాడు గోడమీద భూగోళం గీసి లెక్కలు వేస్తుంటాడు. సముద్రంలో ఓడ తూర్పు పడమరల్లో ఎక్కడుందో కనిపెట్టే ఉపాయంకోసం. దానికి 1714లోనే 20,000 పౌన్లదాకా బహుమతి ప్రకటించారు. ఎవరికీ చేతకాక, ఆ ప్రయత్నం చేసేవాడంటేనే పిచ్చివాడని నవ్వుకునే రోజులవి. సరిగ్గా ఆ 1735లోనే జాన్ హారిసన్ అనే వడ్రంగి సముద్రంమీద కూడా తప్పకుండా నడిచే తన మొదటి గడియారం పూర్తిచేశాడు! తరవాత హోగార్తే తన పుస్తకంలో ఆ గడియారాన్ని మెచ్చుకున్నాడు. 1759లో హారిసన్ చేసిన నాలుగోది అరచేతిలో ఇమిడే గడియారం. జమైకా వెళ్ళే ఓడలో ఎనభైఒక్క రోజుల్లో అయిదు సెకన్లే తేడా చూపించింది. అయినా ఆయనకి రావలసిన సొమ్ము పూర్తిగా చేతికొచ్చేసరికి 1773 అయింది, ఆయనకి ఎనభై ఏళ్ళు. 1768లో వేసిన అచ్చుబొమ్మలో ఆ ముసలాయన దర్జాగా కూర్చుని ఉంటాడు, చుట్టూ తన గడియారాలు. 'నవ్విన నాపచేనే పండింది, చూశారా' అన్నట్టు.

ఇక అసలు కథకి వస్తాను.

హోగార్త్ 1732లో వేసిన మొదటి కథాబొమ్మలు వేడివేడిగా అమ్ముడుపోయాయి. అంతే, నకళ్ళు బయల్దేరాయి. కష్టం ఈయనది, డబ్బు బొమ్మలకొట్లవాళ్ళది. ఒళ్ళుమండి తోటి చెక్కడంపనివాళ్ళని కూడగట్టుకుని పార్లమెంటుదాకా వెళ్ళాడు. 1735లో చట్టం వచ్చింది. బొమ్మ సృష్టించినవాడికి పధ్నాలుగేళ్ళపాటు దానిమీద హక్కు. చట్టం అమల్లోకొచ్చిన జూన్ 25నే ఆ పిచ్చాసుపత్రి కథని విడుదల చేశాడు, తెలివిగా! కాని దొంగలు ఇంకా తెలివైనవాళ్ళు. ఆయనింటికి బొమ్మలు కొనేవాళ్ళలాగా మనుషుల్ని పంపి, చూసింది గుర్తుపెట్టుకు రమ్మని, అచ్చులు ముందే దింపేశారు.

ఇది చదివి నేను గట్టిగా నవ్వితే పాప ఉలిక్కిపడింది. మరి మా ఇంట్లోనూ ఇదే భాగోతం!

1969లో నాన్న పోయారు. అమ్మకి ముప్ఫైఅయిదు. మేం ముగ్గురం పిల్లలం. పదమూడో రోజు వెళ్ళిందో లేదో ఒక వర్తకుడొచ్చి, అచ్చులన్నీ కలిపి ఇంతిస్తాను అన్నాడు. మేనమామలు ఇచ్చెయ్యమన్నారు. ఆడది అచ్చులేం చేసుకుంటుందని! అమ్మ ఇవ్వనంది. అటకమీంచి అన్నీ దింపి, నూనె రాసి, ఒక్కోదానికి పేరు పెట్టి, అద్దెకివ్వడం మొదలుపెట్టింది. రోజుకి అచ్చుకి పావలా. "అచ్చులు అద్దెకిస్తుందట, రేపు అట్లపెనం కూడా అద్దెకిస్తుంది" అని ఊళ్ళో నవ్వారు. నవ్వనీ అంది. ఆ పావలాలతో నేను బి.ఏ., బి.ఇడి. చదివాను. తమ్ముళ్ళు చదివారు.

నాన్న చెక్కినవాటిలో ఓ చిలక ఉండేది. ఉలి జారి దాని తోకలో చిన్న గండి పడింది. టేకు దండగని ఆయన అలాగే ఉంచేశారు. ఒకరోజు సంతలో అమ్మ ఒక దుప్పటి చూసింది. మా చిలకే! ఎవరో అచ్చు అద్దెకి తీసుకుని, చూసి దొంగగా ఇంకోటి చెక్కించారు. తోకలో గండి కూడా యథాతథంగా ఉంది, అదీ డిజైనే అనుకుని! అమ్మ ఇంటికొచ్చి కడుపుబ్బా నవ్వింది. "దొంగ మరీ నమ్మకస్తుడే" అంది. కాసేపయ్యాక, దీపం తగ్గించాక, అదే మనిషి ముసుగు లోపల ఏడవడం నేను విన్నాను. మాకోసం ఏ పార్లమెంటుకి వెళ్తుంది పాపం!

హోగార్త్ భార్య పేరు జేన్. పేరున్న చిత్రకారుడు సర్ జేమ్స్ థార్న్‌హిల్ కూతురు. 1729లో ఇంట్లో చెప్పకుండా హోగార్త్‌ని పెళ్ళాడింది. పిల్లల్లేరు. 1764లో ఆయన పోతూ పోతూ ఆవిడకి మిగిల్చిన పెద్ద ఆస్తి రాగిరేకులు. అవి తెచ్చేదే తిండి. కాని చాలా బొమ్మలకి పధ్నాలుగేళ్ళ హక్కు ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా నకలు తీసుకోవచ్చు. ఆవిడేం చేసిందో తెలుసా? ఊరుకోలేదు. 1767 మొదలుకుని ఇరవయ్యేళ్ళపాటు ఆ బొమ్మలమీద సర్వహక్కులూ జేన్ హోగార్త్‌వేనని ప్రత్యేకంగా చట్టంలో రాయించుకుంది! భర్త చట్టం తెచ్చాడని అందరూ చెబుతారు. భార్యకోసం చట్టంలో పేరు పెట్టి రాశారని నాకు ఈ ఇంటికొచ్చాకే తెలిసింది. లెస్టర్ ఫీల్డ్స్ ఇంట్లోనే, మేనత్త మేనమామ బిడ్డల వరసయ్యే మేరీ లూయిస్‌ని తోడు పెట్టుకుని, రేకులు జాగ్రత్తగా కాపాడుకుంటూ, అచ్చులు తీయించి అమ్ముకుంటూ బతికింది. గడువు తీరిన 1787లో రాయల్ అకాడమీ ఏడాదికి 40 పౌన్ల పింఛను ఏర్పాటు చేసింది. 1789లో ఆవిడ పోయింది. రేకులు మేరీ లూయిస్ చేతికొచ్చాయి.

ఇదంతా అక్కడి ఆవిడ నిదానంగా, నాకర్థమయ్యే ఇంగ్లీషులో చెబుతుంటే, నా కళ్ళు జలజలా కారిపోయాయి. ఆవిడ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఎప్పుడో పోయినవాళ్ళకోసం ఈ ఇండియా ఆవిడ ఇంతలా ఏడుస్తోందేమిటని అనుకుని ఉంటుంది.

ఆవిడతో చెప్పలేనిది మీతో చెబుతాను. మా అమ్మ 2015లో పోయింది. నెల తిరక్కుండా తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, ఇంట్లో ఆ అచ్చులకి చెద పట్టేలా ఉంది. ఇళ్ళు అలంకరించే సామాను అమ్మేవాడెవరో మొత్తం తూకానికి తీసుకుంటానంటున్నాడు. ఏమంటావ్?" అని. నేను అప్పుడు పప్పులో తాలింపు వేస్తున్నాను. గరిటె కూడా కింద పెట్టలేదు. "నీ ఇష్టంరా" అన్నాను.

అంతే. నలభైఆరేళ్ళు అమ్మ ఎవరెంతిస్తామన్నా ఇవ్వనిదాన్ని, నేను తాలింపు మాడుతుందని రెండు ముక్కల్లో ఇచ్చేశాను. నా వాటాకి వచ్చిన సొమ్ముకి ఇంకొంత కలిపి ఫ్రిజ్ కొన్నాం. అదీ ఆరేళ్ళకే మూలపడింది.

ఆ సాయంత్రం తిన్నగా ఇంటికి వెళ్ళబుద్ధికాలేదు. రోడ్డుదాటి నదివైపు వెళితే సెయింట్ నికొలస్ చర్చి ఉంది. అక్కడే హోగార్త్ సమాధి. దానిమీది పద్యం రాసింది స్నేహితుడు గారిక్. రాతిలో రంగులపలక, కుంచెలు, నాటకాల ముఖం చెక్కారు. అందులోనే జేన్ కూడా ఉంది. చేతిలో పువ్వయినా లేదు. పాప బండికి వేలాడదీసిన అమ్మాయి అల్లిన ఊలుపువ్వు ఒకటి తీసి గట్టుమీద పెట్టి, 'మా అమ్మ తరఫున' అనుకుని వచ్చేశాను.

రాత్రి అమ్మాయితో అంతా చెప్పాను. పాపని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ వింది. ఓదారుస్తుందేమో అనుకున్నాను. ఓదార్చలేదు.

"అమ్మా, అమ్మమ్మ అచ్చులు ఎవరికిచ్చిందో ఎలా గుర్తుపెట్టుకునేది?" అంది.

"పద్దు పుస్తకం ఉండేదిగా."

"అందులో ఏం రాసేది?"

"ఏముంది, తేదీ, తీసుకున్నవాళ్ళ పేరు, అచ్చు..." అని ఆగిపోయాను.

అమ్మకి చదువు అంతగా రాదు. ఒకే జాతి పువ్వులు పది ఉంటాయి. పేరు రాస్తే తికమకవుతుందని, ప్రతి అచ్చునీ ఆ పుస్తకంలో ఒక్కోసారి అద్దిపెట్టుకుంది. పక్కనే నంబరు. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది! అందులోని అచ్చులమీద ప్రేమతో తెచ్చుకున్నాననుకునేరు. అబ్బే! చివరి పేజీల్లో ఆవకాయ, మాగాయ కొలతలు రాసి ఉన్నాయి, అందుకు తెచ్చుకున్నాను. ఏటా వేసవిలో ఒక్కసారి వెనకనుంచి తెరిచి చూసి మూసేసేదాన్ని. ముందునుంచి తెరవనేలేదు.

విజయవాడలో దిగిన మర్నాడే పెట్టె దింపాను. మావారు "వచ్చీరాగానే ఆవకాయా?" అన్నారు. పసుపు మరకలు, నూనె మరకలు. మధ్యలో ఒక పేజీ నేనే చిన్నప్పుడు పడవ చేసుకోడానికి చింపాను, కుట్టు దగ్గర చిన్న అంచు మిగిలింది. అదిపోగా ఎనభైనాలుగు అచ్చులు. నల్లటి అద్దకం, నిన్న అద్దినట్టుంది. జేన్ రేకులు దాచుకుని బొమ్మలు లోకానికి అమ్మింది. మాకు అచ్చులు లోకంలోకి పోయి బొమ్మలు మిగిలాయి.

పోయినవారం పుస్తకం పట్టుకుని పెడన వెళ్ళాను. అచ్చులు చెక్కే ఓ కుర్రాడున్నాడు, మా చిన్నతమ్ముడి కొడుకంత. ఒక్కో పేజీ తిప్పుతూ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, సన్నకాగితంమీద గీత ఎత్తుకుని, చెక్కమీద బోర్లించి అంటించి చెక్కొచ్చునన్నాడు. అన్నీ ఒక్కసారి కాదు, నెలకొకటి. "ముందు ఏది చెయ్యమంటారమ్మా?" అన్నాడు.

చిలక చూపించాను.

అతను పుస్తకం వెలుగుకి తిప్పి, గోటితో తోక దగ్గర తడిమాడు. "ఇక్కడ చిన్న గండి పడిందమ్మా. దిద్దెయ్యమంటారా?"

"వద్దు నాయనా, అలాగే ఉంచు" అన్నాను.